తంకమణి వేలు

సుగతన్‌కు ఎవరి మీదా నమ్మకం లేదు. ఇది అతని మీద చాడీ కాదు, అతని ఉద్యోగమే అది. మా కొల్లంలోని ఒక జీడిపప్పు కంపెనీకి మూడు ఫ్యాక్టరీలున్నాయి. మూడింటి పనీ ఒకే సర్వరు మీద నడుస్తుంది. ఎన్ని బస్తాల పిక్కలు దిగాయి, ఎంత పప్పు తేలింది, ఏ సరుకు ఏ ఓడకెక్కాలి, అన్నీ అందులోనే. ఆ సర్వరులోకి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో చూసుకునే మనిషి సుగతన్. గేటు దగ్గర కర్ర పట్టుకుని కూర్చునే కాపలావాడికి కనీసం వచ్చేవాడి ముఖం కనిపిస్తుంది. సుగతన్‌కు ముఖాలు కనిపించవు, పేర్లే కనిపిస్తాయి. ఆ పేరు వెనకాల ఉన్నది ఆ మనిషేనా అన్న అనుమానం ఏళ్ళ తరబడి అతన్ని తినేస్తూ వచ్చింది.

ఆ గుణం ఉద్యోగం దాటి ఇంటికీ వచ్చింది. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, సందు చివరిదాకా నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూస్తాడు. ఏటీఎం గదిలో తనొక్కడే ఉన్నా అరచెయ్యి అడ్డం పెట్టుకుని నంబరు నొక్కుతాడు. చేపలవాడు "పొద్దున పట్టినవే సార్" అంటే మొప్ప ఎత్తి చూస్తాడు, వాసన చూస్తాడు, చేపలవాడి ముఖం చూస్తాడు, కొనకుండా వచ్చేస్తాడు. అతని భార్య లతిక పోస్టాఫీసులో పనిచేస్తుంది. "పెళ్ళిచూపులయ్యాక మా ఆయన పక్కింటివాళ్ళ దగ్గరికెళ్ళి, ఇప్పుడు చూపించింది ఆ పిల్లనేనా అని అడిగొచ్చాడు" అని అక్కడ అందరినీ నవ్విస్తుంది. అది కల్పించి చెప్పింది కాదు, నిజంగానే అడిగొచ్చాడు.

అతని తల్లి భార్గవి ఆ కంపెనీలోనే పిక్కలు కొట్టి అతన్ని చదివించింది. కాల్చిన పిక్కను రాతి మీద పెట్టి ఒక్క దెబ్బ కొడితే పప్పు చిట్లకుండా బయటికి రావాలి. వేళ్ళకు ఎంత బూడిద రాసుకున్నా జీడినూనె అంటుకోక మానదు. బడి వదిలాక చిన్న సుగతన్ నేరుగా ఆ షెడ్డుకే పోయేవాడు. తల్లి పక్కన కూర్చుని పిక్కలు కొట్టే తంకమణికి అప్పటికింకా పెళ్ళి కూడా కాలేదు. తన డబ్బాలో కర్రపెండలం ముక్కలు నాలుగు మిగిల్చి, వాడు రాగానే "తిను మోనే" అని మూత తీసి పెట్టేది. కన్నకొడుకును పిలిచినట్టు అప్పుడు పిలిచిన ఆ పిలుపును, అతనికి తల నెరిసినా, ఆఫీసులో ఏసీ గదిలో కూర్చున్నా, ఆమె మార్చలేదు. అతనూ ఆమెను చేచ్చీ, అంటే అక్కా, అనే పిలుస్తాడు.

తంకమణి ఇప్పుడు పప్పు ఏరే షెడ్డుకు సూపర్వైజరు. పిక్కలు కొట్టే వరసలో నేల మీద కూర్చున్నవాళ్ళలో లేచి కుర్చీ ఎక్కిన మొదటి ఆడమనిషి ఆమే. వచ్చే ఓణానికి రిటైరవుతుంది. ఆ కుర్చీలోంచే లేచి, మెడలో దండతో ఇంటికి నడిచి వెళ్ళాలని ఆమె ఆశ. ఆ సంగతి షెడ్డులో ఎవరినడిగినా చెప్తారు.

సుగతన్‌కు ఆ షెడ్డుతో వచ్చిన తంటా పాస్‌వర్డుల దగ్గర మొదలైంది. సూపర్వైజర్లందరికీ తలా ఒకటి ఇచ్చాడు. మర్నాడు వెళ్ళి చూస్తే అవన్నీ కాటా పక్కన గోడ మీద సుద్దముక్కతో రాసి ఉన్నాయి. మార్చమన్నాడు. మార్చారు, అందరూ ఆ వీధి అమ్మవారి పేరే పెట్టుకున్నారు. నెలనెలా మార్చాలని కట్టడి చేస్తే అమ్మవారి పేరు పక్కన నెల పేరు చేర్చారు. వీటన్నిటికంటే అతనికి ఒళ్ళు మండించిన సంగతి ఇంకొకటుంది. పొద్దున్నే ముందొచ్చిన మనిషి లాగిన్ అయితే, సాయంత్రం దాకా షెడ్డంతా ఆ పేరు మీదే పనిచేసేది.

"ఒక పొయ్యి వెలుగుతుంటే పక్కన ఇంకోటెందుకు వెలిగిస్తాం మోనే?" అంది తంకమణి.

"ఇది పొయ్యి కాదు చేచ్చీ. రేపేదైనా తప్పు జరిగితే చేసిందెవరని అడుగుతారు. మీ పేరు మీదుంటే మీ మెడకే చుట్టుకుంటుంది."

"ఎవరు చేశారో నన్నడిగితే నేను చెప్తాగా. దానికి యంత్రమెందుకు?"

సుగతన్ నవ్వలేదు. అడిగితే మనుషులు నిజం చెప్తారన్న మాట అతని తలకెక్కదు.

కంపెనీ కొత్త సాఫ్ట్‌వేరు కొన్నప్పుడు, లోపలికి రావడానికి ఏ పద్ధతి కావాలో తేల్చుకోమన్నారు. మేనేజరు తరకన్ గదిలో కూర్చుని, అమ్మినవాళ్ళ తరఫు మనిషి ఒక్కో పద్ధతీ వివరిస్తుంటే, పిల్లకొచ్చిన సంబంధాలకు వంకలు పెట్టే మేనమామలాగా సుగతన్ అన్నింటినీ కొట్టేశాడు. ఫోనుకో నంబరు పంపుతాం, అది కొడితేనే తెరుచుకుంటుంది అన్నాడాయన. మా షెడ్డులోకి ఫోన్లు రానివ్వరు అన్నాడు సుగతన్. పోనీ కార్డు, దానితో ఒక రహస్యపు అంకె. కార్డు అరువిస్తారు, అంకె గోడెక్కుతుంది. ఒక్కసారి లాగిన్ అయితే మెయిలూ, జీతాల లెక్కా, సరుకూ అన్నీ ఒకే తాళంతో తెరుచుకునే ఏర్పాటు కూడా ఉందని ఆయన ఉత్సాహంగా చెప్పాడు.

"అంటే దొంగకు కూడా ఒక్క తాళం చాలన్నమాట" అన్నాడు సుగతన్.

ఆయన మంచినీళ్ళు తాగి, చివరగా వేలిముద్ర యంత్రం బయటికి తీశాడు. పేరు కూడా కొట్టక్కర్లేదు. గాజు మీద వేలు పెడితే ఎవరో అదే పోల్చుకుని, పచ్చదీపం వెలిగించి, పేరు పెట్టి స్వాగతం చెప్తుంది.

"ఇదీ కావలసింది" అన్నాడు సుగతన్. "పాస్‌వర్డు ఎవరికైనా చెప్పేయొచ్చు, కార్డు అరువివ్వొచ్చు. వేలు అరువివ్వలేరు."

తరకన్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "నువ్వు పూచీ ఉంటావా?" అని మాత్రం అడిగాడు. ఉంటానన్నాడు సుగతన్. అంతటితో ఆగకుండా ఒక నిబంధన కూడా పట్టుబట్టి పెట్టించాడు. ఒకరి పేరు మీద ఇంకొకరు లోపలికొస్తే, వాడినవాళ్ళకే కాదు, వాడుకోనిచ్చినవాళ్ళకూ ఉద్యోగం పోతుంది. షెడ్డులో నిలబడి ఆ మాట తనే చదివి వినిపించాడు.

వేళ్ళు నమోదు చేసే రోజున ఆఫీసు గుమాస్తాలవి టింగుటింగుమని ఎక్కేశాయి. సూపర్వైజర్ల వంతు వచ్చేసరికి యంత్రం మొండికేసింది. ముందు తంకమణి. బొటనవేలు పెట్టింది, చూపుడువేలు పెట్టింది, ఎడమ చెయ్యీ అయింది. ఎర్రదీపం. సుగతన్ మెత్తటి గుడ్డతో గాజు తుడిచాడు. ఎర్రదీపం. ఆమె తర్వాత రెమణి. ఆమె కూడా పిక్కల వరసలోంచి ఈమధ్యే పైకొచ్చిన మనిషి, తంకమణికి సాయంగా వేశారు. ఆమెకూ ఎర్రదీపమే. చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటున్నారు.

"మోనే, నీ యంత్రానికి మేం నచ్చినట్టు లేదు" అంది తంకమణి.

తరకన్ గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. పూచీ ఉంటానన్న మాట సుగతన్ చెవిలో జోరీగలా రొద పెడుతోంది. వేలిముద్ర ఎంత బాగా కుదిరితే యంత్రం ఒప్పుకోవాలన్న పట్టింపును పెంచడానికీ తగ్గించడానికీ లోపల ఒక చోటుంటుంది. సుగతన్ అక్కడికెళ్ళి పట్టింపు కొంచెం తగ్గించాడు. చాల్లేదు. ఇంకొంచెం తగ్గించాడు. ఈసారి తంకమణి వేలు పెట్టగానే పచ్చదీపం వెలిగింది. రెమణిదీ ఎక్కింది, మిగతావాళ్ళవీ ఎక్కాయి. తరకన్ తలూపి వెళ్ళిపోయాడు. తర్వాత తీరిగ్గా సరిచేద్దామనుకున్న సుగతన్ ఆ సంగతే మరిచిపోయాడు. లోకం మొత్తాన్ని అనుమానించేవాడికి తన చేతి మీద మాత్రం అనుమానం రాలేదు చూడండి.

నాలుగు నెలలు హాయిగా గడిచాయి. ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో సుగతన్ రోజూ తెర మీద చూసుకుని మురిసిపోయేవాడు. రెమణి పేరు మాత్రం ఒక్క రోజూ కనిపించలేదు.

"ఆ మనిషి పని ఎగ్గొడుతోంది. బరువంతా తంకమణి చేచ్చి నెత్తినే వేస్తోంది" అన్నాడు లతికతో.

"అంత అనుమానమైతే వెళ్ళి అడగరాదూ చేట్టా?" అంది లతిక. భర్తను ఆమె అలాగే పిలుస్తుంది.

"అడిగితే జాగ్రత్తపడుతుంది."

లతిక తల కొట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆడవాళ్ళంతా తిరువనంతపురం వీధుల్లో పొయ్యిలు పెట్టి అమ్మవారికి పొంగలి వండే ఆట్టుకాల్ పొంగాల వచ్చింది. ఆ రోజున ఆడవాళ్ళ ఫ్యాక్టరీ ఏదైనా సగం ఖాళీ. తంకమణి కొత్త కుండా, కొబ్బరికాయా, బెల్లం మూటా పట్టుకుని వేకువ రైలుకు తిరువనంతపురం వెళ్ళిపోయింది. చీకటి పడే వేళకు తిరిగొచ్చి, పొయ్యి పొగకు ఎర్రబడ్డ కళ్ళతోనే భార్గవికి ఆకులో ప్రసాదం తెచ్చిచ్చింది. అందులో సగం సుగతనే తిన్నాడు.

కొన్ని వారాల తర్వాత తరకన్ అతన్ని పిలిపించాడు. పొంగాల రోజున ఓడకెక్కించిన సరుకును కొన్నవాళ్ళు తిప్పి పంపారు. గుండు పప్పు అని ముద్ర వేసిన డబ్బాల్లో బద్దలు కలిశాయి. "ఆ సరుకు పాస్ చేసిందెవరో చూడు" అన్నాడు.

సుగతన్ చూశాడు. తంకమణి.

"ఆ రోజు ఆమె ఊళ్ళో లేదు సార్" అన్నాడు, తనకు తెలియకుండానే.

"ఊళ్ళో లేని మనిషి వేలు ఇక్కడికెలా వచ్చింది?"

"జిగురుతో వేలికి అచ్చుపోస్తారని విన్నాను సార్. తాము రానప్పుడు వాడుకోమని ఇంకొకరికిచ్చి వెళ్తారట."

"తంకమణి అలాంటిదా?"

కాదు అనే మాట సుగతన్ గొంతు దాకా వచ్చింది. ఆకులో ప్రసాదం గుర్తొచ్చింది. ఊళ్ళో లేనని చూపించుకోవడానికే తెచ్చిందేమో అని కూడా తోచింది. అలా తోచినందుకు ఒక్క క్షణం తన మీద తనకే రోత పుట్టింది. కానీ తోచింది తోచినట్టే ఉండిపోయింది.

"యంత్రం చెప్పేది అదే సార్."

"అయితే సోమవారానికి రాసివ్వు. నువ్వు పెట్టించిన నిబంధనే కదా. వేలు ఇచ్చినామెనూ వాడినామెనూ ఇద్దరినీ పంపించేద్దాం."

సుగతన్ షెడ్డుకెళ్ళాడు. పప్పు ఏరే బల్లల మధ్య ఫ్యాను కింద తంకమణి కుర్చీలో కూర్చుని ఉంది. రెమణి కాటా దగ్గర ఉంది.

"రా మోనే. అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయి?"

"పొంగాల రోజున మీ వేలు ఇక్కడ పడింది చేచ్చీ."

"నా వేలా? ఆ రోజు నా పది వేళ్ళూ కుండ చుట్టూనే ఉన్నాయి. ఒకటి కాలింది కూడా."

బల్లల దగ్గర నవ్వులు లేచాయి. సుగతన్ ముఖం బిగించాడు. "మీ సంచి చూడాలి" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. పప్పు ఏరే చేతులు కూడా ఆగిపోయాయి. తంకమణి అతని వంక కాసేపు చూసి, సంచి తీసి బల్ల మీద బోర్లించింది. గొడుగు, తువ్వాలు, నడుంనొప్పి తైలం సీసా, టిఫిన్ డబ్బా. సుగతన్ సీసా మూత తీసి వాసన చూశాడు, తువ్వాలు దులిపి చూశాడు. డబ్బా దగ్గర అతని చెయ్యి ఆగింది.

"అదీ తెరిచి చూడు. చిన్నప్పుడు బాగానే తెరిచేవాడివి" అంది తంకమణి.

సుగతన్ తెరిచాడు. అన్నం, చేపల పులుసు. మూత పెట్టేశాడు.

రెమణి కాటా వదిలేసి వచ్చింది. "ఆవిణ్ణెందుకు సార్ పీక్కుతింటారు? ఆ రోజు సరుకు పాస్ చేసింది నేను. నా వేలితోనే చేశాను."

"నీ వేలు పెడితే ఆమె పేరెందుకొస్తుంది?"

"పేరెవరు చూశారు? టింగుమంది, పచ్చదీపం వెలిగింది. బయట లారీవాడు హారను కొట్టి చంపుతుంటే ఆ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ కూర్చోమంటారా?"

"ఇన్ని నెలల్లో నీ పేరు ఒక్కసారి కూడా రాలేదు."

"రోజూ పెడుతూనే ఉన్నా సార్. రండి, ఇప్పుడే పెట్టి చూపిస్తా."

"దొరికిపోయాక ఎవరైనా సొంత వేలే పెడతారు" అన్నాడు సుగతన్.

ఆ వేలు పెట్టించి చూసి ఉంటే సంగతి అక్కడికక్కడ తేలిపోయేది. కానీ అనుమానం ముదిరినవాడికి ఎదుటివాళ్ళు ఇస్తానన్న రుజువు కూడా ఎత్తుగడలాగే కనిపిస్తుంది. ఇద్దరూ కూడబలుక్కుని నాటకమాడుతున్నారనుకున్నాడు సుగతన్. వెనక్కి తిరిగి నడుస్తుంటే బల్లల దగ్గర ఎవరో "భార్గవి చేచ్చి కడుపున పుట్టినవాడేనా వీడు, అది కూడా రుజువు చూసుకున్నాడో లేదో" అన్నారు. అతను వినిపించుకోనట్టే వెళ్ళిపోయాడు.

ఆదివారం నాడు ఆఫీసులోని రెండో యంత్రాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. తన ల్యాప్‌టాప్‌కు తగిలించి, షెడ్డులో ఉన్నట్టే సిద్ధం చేశాడు. ఇక జిగురు వేలు ఎలా తయారవుతుందో కనిపెట్టి, ఆ సంగతి కూడా రాసిస్తే తిరుగుండదు. కొవ్వొత్తి కరిగించి అందులో తన వేలు అద్దాడు, ఆ గుంటలో జిగురు పోశాడు, ఎండలో ఆరబెట్టాడు. వంటింటి గట్టంతా మైనం, జిగురు.

"పొద్దున టిఫినుకు పుట్టు వండే గిన్నెలో మైనమేంటి చేట్టా? వేళ్ళు వేయించుకు తినాలా ఇవాళ?" అంది లతిక.

జిగురు వేలు పెట్టాడు. ఎర్రదీపం. ఇంకోటి పోసి పెట్టాడు. ఎర్రదీపం. తడిపి చూశాడు, ఆవిరి ఊది చూశాడు. దీపం పచ్చబడలేదు. సుగతన్ నుదురు తుడుచుకున్నాడు. జిగురుతో కుదరకపోతే మరి తంకమణి ఎలా చేసినట్టు?

కిటికీ పక్కన మోకాళ్ళకు తైలం రాసుకుంటూ భార్గవి ఇదంతా చూస్తోంది. "అదేంటిరా సుగతా?"

"వేలు పెడితే మనిషినెవరో చెప్పే యంత్రం అమ్మా."

"నన్ను చెప్తుందా?"

"నువ్వెవరో దానికెలా తెలుస్తుంది? నీ వేలు అందులో లేదుగా. ఎర్రదీపమే వస్తుంది."

"చూద్దాం, ఇలా తే." తైలం చెయ్యి చీరకు తుడుచుకుని, ముసలామె చూపుడువేలు గాజు మీద పెట్టింది.

టింగుమంది. పచ్చదీపం వెలిగింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. లతిక అతని భుజం మీంచి వంగి పైకి చదివింది. "స్వాగతం, తంకమణి."

సుగతన్ తల్లి చేత ఇంకో వేలు పెట్టించాడు. తంకమణి. రెండో చెయ్యి పెట్టించాడు. తంకమణే. అప్పుడతను తల్లి చెయ్యి పట్టుకుని కిటికీ వెలుతురులోకి తిప్పాడు. వేళ్ళ కొసల్లో ఒక్క గీత లేదు. ఏటి గులకరాళ్ళలా నున్నగా ఉన్నాయి.

"ఏం చూస్తున్నావు? రేషన్ షాపువాడూ ఇలాగే తిప్పి తిప్పి చూస్తాడు. లతిక వెళ్ళి పెడితేగానీ బియ్యం ఇవ్వడు" అంది భార్గవి. "ఎప్పుడో తినేసింది జీడినూనె. మా వరసలో కూర్చున్నవాళ్ళందరివీ ఇంతే."

"నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"నీకు చెప్పాలా? ఈ చేత్తోనే కదరా నీకు అన్నం కలిపి పెట్టింది."

సుగతన్ తల ఎత్తలేకపోయాడు. గుమ్మంలో గడియారం చూసుకుంటున్న తరకన్, ఎర్రదీపం, తను తగ్గించిన పట్టింపు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. గీతల్లేని వేళ్ళన్నిటినీ యంత్రం ఒకే మనిషిగా చూస్తోంది. అందరికంటే ముందు ఎక్కిన పేరు తంకమణిది కాబట్టి అందరినీ తంకమణి అంటోంది. రెమణి పేరు ఎప్పుడూ ఎందుకు రాలేదో తెలిసింది. ఆ మనిషి మొదటి నుంచీ నిజమే చెప్పింది. తంకమణీ నిజమే చెప్పింది. ఆ సంచి వెతికిన తన చేతులు చూసుకుంటే సుగతన్‌కు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఎవరికీ తెలియకుండా పట్టింపు మళ్ళీ పెంచేసి, ఏదో తేడా వచ్చింది, సరిచేశానని చెప్పి ఊరుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చిందని దాచడమెందుకు, వచ్చింది. కానీ అప్పుడు కూడా పొంగాల రోజున పడిన పేరు తంకమణి పేరుగానే మిగులుతుంది. తరకన్ మనసులో మచ్చ పోదు, ఆ కుర్చీ పోవచ్చు.

"రేపేం రాసిస్తారు?" అంది లతిక.

"రాసివ్వను. అమ్మను తీసుకెళ్తాను."

సోమవారం పొద్దున భార్గవి పండగలకు కట్టే తెల్లటి అంచు ముండు కట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని ఆటో దిగింది. తరకన్ గదిలో బల్ల మీద యంత్రం. తంకమణినీ రెమణినీ పిలిపించారు. ఇద్దరూ గోడవారన నిలబడ్డారు. ఉద్యోగం పోయే మాట వినడానికే వచ్చినట్టున్నాయి ముఖాలు. భార్గవిని చూసి తంకమణి ఆశ్చర్యపోయింది.

"పెట్టమ్మా" అన్నాడు సుగతన్.

భార్గవి వేలు పెట్టింది. తరకన్ తెర మీద చదివాడు. "ఈవిడెవరు?"

"మా అమ్మ సార్. ఇక్కడే పిక్కలు కొట్టింది. మీరు రాకముందే మానేసింది. నిన్నటిదాకా ఈ యంత్రం ముఖం కూడా చూడలేదు."

తరకన్ తన వేలు పెట్టాడు. తరకన్ అని వచ్చింది. రెమణిని పెట్టమన్నాడు. తంకమణి అని వచ్చింది.

"నమోదు రోజున వీళ్ళ వేళ్ళు ఎక్కకపోతే పట్టింపు తగ్గించింది నేనే సార్. పూచీ ఉంటానన్నాను, అందరి ముందూ పరువు పోతుందనిపించింది. ఎందుకు ఎక్కడం లేదని మాత్రం ఆలోచించలేదు. వీళ్ళిద్దరూ ఏ తప్పూ చేయలేదు."

"బద్దలు కలిసింది మాత్రం నా వల్లే" అంది రెమణి గబుక్కున. "ఏరడానికి మనుషుల్లేరు, లారీ ఆగనంది. సరిగ్గా చూసుకోలేదు."

"అది వేరే. వాళ్ళకు మంచి సరుకు మళ్ళీ పంపిద్దాం" అన్నాడు తరకన్. తర్వాత సుగతన్ వైపు తిరిగాడు. "కొల్లంలో పుట్టి, ఈ తల్లికి పుట్టి, జీడి వేళ్ళ సంగతి నీకు తట్టలేదా?"

సంజాయిషీ రాసివ్వమన్నాడు తరకన్. ఈ యంత్రాన్ని తీసేసి కార్డులిమ్మన్నాడు. ఆ నిబంధనను కూడా తీసేయమన్నాడు.

గది బయట ముసలి స్నేహితురాళ్ళిద్దరూ చేతులు పట్టుకున్నారు. "నన్ను నువ్వంటోందే మీ యంత్రం" అంది భార్గవి. "అయితే నా నడుంనొప్పి కూడా నువ్వే తీసుకో చేచ్చీ" అంది తంకమణి. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. సుగతన్ పక్కనే నిలబడి, ఆమె తన వైపు చూస్తుందేమోనని ఎదురుచూశాడు. ఆమె భార్గవిని షెడ్డుకు నడిపించుకుపోయింది.

వారం తిరక్కుండా కార్డులు వచ్చాయి. వేరే ఎవరిచేతైనా పంపవచ్చు, కానీ సుగతన్ తనే పట్టుకెళ్ళాడు. తంకమణి కుర్చీలోనే ఉంది. బల్ల మీద టిఫిన్ డబ్బా ఉంది.

"కార్డుతో పాటు అంకె కూడా కొట్టాలి చేచ్చీ" అన్నాడు. "గోడ మీద రాసుకున్నా ఏమీ అనను."

అది అతను జీవితంలో వేసిన మొదటి జోకేమో. బల్లల దగ్గర ఎవరూ నవ్వలేదు. తంకమణి లేచి నిలబడి కార్డు అందుకుంది. అతను వస్తే ఆమె లేచి నిలబడడం ఇదివరకెప్పుడూ లేదు.

"రాయను సార్" అంది. "ఇంకేమైనా చూడాలా సార్?"

ఏమీ లేదన్నాడు సుగతన్. ఆమె మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. తరకన్‌తో ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది. ఓణానికి ఆమె రిటైరైంది. కుర్చీలోంచే లేచింది, మెడలో దండతోనే గేటు దాటింది. వెళ్ళే ముందు అందరి దగ్గరా సెలవు తీసుకుంటూ అతని దగ్గరికీ వచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చాక సుగతన్ గేటు తాళం ఒక్కసారే వేసి, లాగి చూడకుండా లోపలికొచ్చి కూర్చున్నాడు. పాయసం గిన్నె ముందు పెడుతూ తల్లి అడిగింది.

"వెళ్తూ వెళ్తూ తంకమణి ఏమందిరా నీతో?"

"వెళ్ళొస్తాను సార్ అందమ్మా."